పాత ఆఫీసులో పనిచేసినతను వెంటపడుతున్నాడు, కేసు ఎక్కడ పెట్టాల?

తుంగభద్ర:
మా చెల్లెలు అనంతపురంలో ఏడుగురు పనిచేసే ఒక ప్రైవేట్ ఆఫీసులో ఉండేది. అక్కడొకతని వేధింపు పడలేక రెండు నెలల కింద మానేసి కర్నూలు వచ్చేసింది. ఇప్పుడు కొత్త కొత్త నంబర్ల నుంచి వాట్సాప్‌లో మెసేజ్‌లు పెడుతున్నాడు, ఇంటికాడికీ వచ్చినాడు. ఇక్కడి స్టేషన్లో "అనంతపురంలో ఇచ్చుకోండి" అన్నారు. ఏం చేయాల?

హంద్రీ:
అనంతపురం పోవాల్సిన పని లేదన్నా. మెసేజ్‌లు అందిందీ, అతను వచ్చిందీ కర్నూల్లోనే. పరిధి కాదన్నా సరే, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులొచ్చిన చట్టం) 173 కింద జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధి చూడకుండా ఏ స్టేషన్లోనైనా రాసే ఎఫ్ఐఆర్, రాయాల్సిందే. అడగాల్సింది బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ బదులొచ్చిన చట్టం) 78, వెంటపడి వేధించడం మీద ఉండే సెక్షన్. మొదటిసారి మూడేళ్ల వరకు జైలు, కానీ బెయిలబుల్, అంటే బెయిల్ హక్కుగా దొరుకుతుంది. పట్టుకుపోయి లోపలే ఉంచుతారని ఆశ పెట్టుకోవద్దు. ఎఫ్ఐఆర్ రాయకముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ కూడా పెట్టొచ్చు.

ఈ సెక్షన్‌కు ఆయువుపట్టు ఒకటే: ఆమె ఇష్టం లేదని తెలిసేలా చెప్పినాక కూడా మళ్లీ మళ్లీ వెంటపడినాడని తేలాల. చాలామంది ఏమీ చెప్పకుండా బ్లాక్ చేస్తారు, కేసు అక్కడే పలచబడుతుంది. ఇంతవరకు చెప్పకపోతే ఒకే మెసేజ్: "ఫోన్ చేయొద్దు, మెసేజ్ పెట్టొద్దు, ఇంటికి రావొద్దు." ఆ తర్వాత ఒక్క మాటా వద్దు. కోపంలో తిట్టినా అది అతని లాయరుకే పనికొస్తుంది.

పెన్నా ఒడ్డు:
స్క్రీన్‌షాట్‌లో పేరు కాదు, నంబరు, తేదీ కనపడాల. ఫోన్ మార్చొద్దు, రీసెట్ చేయొద్దు. ప్రింటౌట్లు కోర్టులో నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (పాత ఎవిడెన్స్ యాక్ట్ బదులొచ్చింది) 63(4) సర్టిఫికెట్, అంటే ఆ ప్రింటు ఏ ఫోన్ నుంచి ఎట్లా తీసినారో ధ్రువీకరించే పత్రం, జతపరచాల. అతను వచ్చిన రోజు సీసీ కెమెరా ఫుటేజీ పక్క షాపుల్లో ఈరోజే అడగండి, కొన్నాళ్లకు దానిమీదే కొత్తది రికార్డవుతుంది.

ఫిర్యాదు రెండు కాపీలు తీసుకుపోయి ఒకదానిమీద స్టాంపు, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపి రసీదు దాచండి. అప్పటికీ కదలకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 175(3) కింద మేజిస్ట్రేట్ దగ్గర అఫిడవిట్‌తో పిటిషన్. ఎస్పీకి పంపకుండా నేరుగా పోతే అది నిలబడదు.

హంద్రీ:
ఇంకొకటి, దీనికి గడువుంది. ఉద్యోగంలో ఉన్నప్పటి లైంగిక వేధింపుకు, పనిచేసేచోట వేధింపుల మీదొచ్చిన 2013 చట్టం (పోష్) వేరే దారి. పదిమంది లోపు ఆఫీసు కాబట్టి అనంతపురం జిల్లా లోకల్ కమిటీకి (ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే జిల్లా కమిటీ) రాయాల. చివరి సంఘటన నుంచి మూడు నెలల్లోపు, ఆరు కాపీలు, సాక్షుల పేర్లతో సహా. ఉద్యోగం మానేసినా పర్వాలేదు. రెండు నెలలు అయిపోయినాయి కాబట్టి స్టేషన్ పని తేలేదాకా ఆగొద్దు, రెండూ ఒకేసారి నడపండి.

లాయరు ఖర్చుకు వెనకాడొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది, 15100కు ఫోన్ చేయండి. అతను మళ్లీ గుమ్మం ముందుకొస్తే మాత్రం ముందు 112.