శీర్షం అంటే పైనున్నదేనా?

మొన్న ఆదివారం మా అన్నయ్య కూతురు లెక్కల పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చతురస్రం అడుగుగా ఉన్న పిరమిడ్‌కి ముఖాలెన్ని, అంచులెన్ని, శీర్షాలెన్ని (అంచులు కలిసే చోట్లన్నమాట) అని ప్రశ్న. ముఖాలు 5, అంచులు 8 అని సరిగ్గానే రాసింది. శీర్షాలు మాత్రం 1 అని రాసింది. "అయిదు కదమ్మా" అన్నాను. "శీర్షం అంటే తల కదా బాబాయ్! తల పైన ఒక్కటే ఉంది, కిందవన్నీ కాళ్లు" అంది.

తప్పు పిల్లది కాదు, మాటది. శీర్షిక పైనే ఉంటుంది, శీర్షాసనమంటే తల మీద నిలబడటం. ఇన్నాళ్లూ ఇలా విన్న పిల్ల, అడుగున ఉన్న నాలుగింటినీ శీర్షాలని ఎలా అనుకుంటుంది?

ముఖంతో ఈ చిక్కు లేదు. షణ్ముఖుడు, చతుర్ముఖుడు, పంచముఖ ఆంజనేయుడు ఉన్న భాష మనది. పాచికకు ఆరు ముఖాలంటే ఎవరూ తడబడరు. కొందరు ముఖం బదులు తలం అంటారు, అది నాకు నచ్చదు. ఒక పక్క తలం, ఇంకో పక్క తల అనే అర్థమున్న శీర్షం. పిల్లల చెవికి రెండూ ఒకటే.

అంచు దగ్గర కాస్త ఆగాలి. చీర అంచు జానెడు వెడల్పు ఉండొచ్చు, లెక్కల్లో అంచుకు వెడల్పే లేదు. అగ్గిపెట్టె తీసుకుని, రెండు ముఖాలు కలిసే గీత వెంట పిల్ల వేలిని నడిపించాను. వేలు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి దిగుతుంది చూడు, అదే అంచు అన్నాను. వెంటనే పన్నెండూ లెక్కపెట్టేసింది.

అంచు అనే ఈ మాట కోసం ఆయిలర్ అంతటి గణితవేత్తకే వెతుకులాట తప్పలేదు. 1750లో తోటి గణితవేత్త గోల్డ్‌బాక్‌కు రాసిన ఉత్తరంలో, దీనికి వాడుకలో పేరు లేదు కాబట్టి లాటిన్‌లో 'అకియేస్' అంటున్నానని చెప్పుకున్నాడు. ఆ మాటకు కత్తి పదును అని అర్థం. మనకు అచ్చంగా అలాంటిదే వాదర ఉంది, కత్తి వాదర. ముఖాలూ శీర్షాలూ కలిపితే అంచుల కంటే 2 ఎక్కువన్న సూత్రం ఆ ఉత్తరంలోనిదే. అగ్గిపెట్టెకు 6, 8 కలిపితే 14, అంచులు 12.

నా ప్రతిపాదన ఇది: చిన్న తరగతుల్లో శీర్షానికి ముందు 'మొన' అని చెప్పాలి. సూది మొన, పెన్సిల్ మొన పిల్లలకు తెలుసు. మొన పైనే ఉండాలని ఎవరూ అనుకోరు. దీని మీద వచ్చిన ప్రశ్నలు, నా జవాబులు ఇవి:

— మూల అంటే సరిపోదా అండీ? గదికి నాలుగు మూలలు, బల్లకు నాలుగు మూలలు. అందరికీ తెలిసిన మాటే కదా.

— నేనూ మొదట అదే అనుకున్నానండీ. కానీ మీరే అన్నారు, గదికి నాలుగు మూలలని. పుస్తకం ప్రకారం గది దీర్ఘఘనం, శీర్షాలు 8 ఉండాలి. మనం గది మూల అనేది రెండు గోడలు కలిసే చోటు, నేల నుంచి కప్పు దాకా. మేస్త్రీ మూలమట్టం పెట్టి చూసేదీ ఆ గోడల కలయికనే. లెక్కల్లో అది అంచు అవుతుంది. మూల అని నేర్పితే పిల్ల నాలుగే రాస్తుంది.

— మొన అంటే గుచ్చుకోవాలి కదా, సమఘనానికి మొనలేమిటి?

— చీకట్లో బల్ల తొడకు తగిలితే గుచ్చుకునేది ఏదండీ? మూడు అంచులు కలిసిన ఆ మొనే కదా.

— మరి శంకువు సంగతి?

— దాని కొసను శీర్షమంటే నాకు అభ్యంతరం లేదు, తలలా పైన ఒక్కటే ఉంది. కానీ అక్కడ అంచులేవీ కలవవు. ఆయిలర్ సూత్రాన్ని చదును ముఖాలున్న ఘనాలకే వాడాలి, శంకువునూ స్తూపాన్నీ అందులోకి లాగొద్దు. మీ వైపు వడ్రంగులు పెట్టెకు ఆ మొన ఉన్నచోటును ఏమంటారో తెలిస్తే రాయండి.