లాక్‌డౌన్‌లో మీ మున్సిపాలిటీ నుంచి మీ చేతికి అందిందేంటి?

ఇడ్లీబండి:
రేషన్, లోను, పన్ను తగ్గింపు, ఏదైనా సరే, నిజంగా చేతికందింది చెప్పండి. మా తమ్ముడు కొత్తగా బండి పెడతానంటున్నాడు. వీధి వ్యాపారుల పదివేల లోను ఇప్పటికీ ఇస్తున్నారా? నా సంగతి సరే. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ ఒక్కరోజే కదా అని సోమవారానికి మూడు కిలోల మినప్పప్పు రుబ్బి పెట్టుకున్నా. సాయంత్రానికి 31 దాకా లాక్‌డౌన్ అన్నారు. చుట్టుపక్కల వాళ్ళకి గిన్నెలతో పంచా. మిగిలింది పులిసి పొంగి గిన్నె మూత తోసేసింది. తీసుకెళ్ళి మోరీలో పోశా.

రెండోసందు:
అమ్మ పేరున తెల్లకార్డు, నలుగురం. మనిషికి 12 కిలోల చొప్పున 48 కిలోల బియ్యం ఇచ్చారు. కార్డుకి ఇస్తామన్న 1500 రూపాయలు మాత్రం ఖాతాలో పడలేదు, ఆ ఖాతా ఎప్పుడో మూతపడింది. పోస్టాఫీసు ముందు సున్నం గుండ్రాల్లో రెండు గంటలు నిలబడి వేలిముద్ర వేస్తే అప్పుడు ఇచ్చారు. గిన్నెలు కడిగి కడిగి అమ్మ వేలిముద్ర అరిగిపోయింది, నాలుగోసారికి పడింది.

పాతబిల్‌కలెక్టర్:
అది పౌరసరఫరాల శాఖ. మున్సిపాలిటీది కాదు. పన్నుల విభాగంలో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నా, మున్సిపాలిటీల పరంగా జరిగిన అసలు మేలు వన్ టైం స్కీము. 2020 ఆగస్టు 1 నుంచి. ఆస్తి పన్ను పాత బకాయి అసలు మొత్తం, వడ్డీలో 10 శాతం ఒకేసారి కడితే మిగతా 90 శాతం వడ్డీ మాఫీ. నెలకి 2 శాతం వడ్డీ అంటే నాలుగేళ్ళలో ఎంతవుతుందో లెక్కేసుకోండి.

మేడమీదషాపు:
మేలు ఎవరికి సార్? ఎగ్గొట్టినవాడికి. నేను ఏటా ఏప్రిల్‌లోనే కడతా, ఆ 5 శాతం రాయితీ కోసం. ఆ ఏడాది గడువు మే 31 దాకా పెంచారు. షట్టరు దించి ఉంది, గల్లాలో రూపాయి లేదు, అయినా భార్య గాజు తాకట్టు పెట్టి కట్టా. పక్క బిల్డింగాయన ఆరేళ్ళు కట్టలేదు. మాఫీ వచ్చిందని నాకే మైసూర్‌పాక్ పంపాడు.

పాతబిల్‌కలెక్టర్:
మీకూ ఇచ్చారండీ. అదే ఏడాది దీపావళికి ఆస్తి పన్ను సగం తగ్గించారు. జీహెచ్‌ఎంసీలో, అంటే హైదరాబాద్‌లో, 15 వేల లోపు పన్ను ఉంటే, మిగతా పట్టణాల్లో 10 వేల లోపు. ముందే కట్టేసినవాళ్ళకి తర్వాతి ఏడాది సర్దుబాటు. తెలుసుకుని మాట్లాడాలి.

మేడమీదషాపు:
అది ఇళ్ళకి!!! షాపులకి కాదు. 31 ఏళ్ళు ఏ పన్నులు వసూలు చేశారు మీరు?

పాతబిల్‌కలెక్టర్:
షాపులకని నేనెక్కడ అన్నాను?

మేడమీదషాపు:
'మీకూ ఇచ్చారండీ' అని పైన ఉంది, వెళ్ళి చూసుకోండి. నాది అద్దె ఇల్లు. తగ్గింపు మా ఓనరు జేబులో పడింది. అద్దె మాత్రం పైసా తగ్గలేదు.

చెరువుకట్ట:
ఎందుకింత గోల? మాకైతే పదివేలు ఇంటికొచ్చి చేతిలో పెట్టారు. లోనూ కాదు, కిస్తీ లేదు.

ఇడ్లీబండి:
ఏ నెలలో అన్నా?

చెరువుకట్ట:
అక్టోబరు చివర్లో.

రెండోసందు:
అది వరద సాయం బాబూ! కరోనాది కాదు. తర్వాత దానికోసం మీసేవల ముందు బారులు తీరితే, జీహెచ్‌ఎంసీ ఎన్నికలున్నాయని నవంబరు 18న ఎన్నికల సంఘం ఆపేసింది. మాకు రానే రాలేదు. 'మీది రెండో అంతస్తు, నీళ్ళు అక్కడిదాకా రాలేదుగా' అన్నారు. మరి మెట్ల కింద మునిగిన స్కూటీ రెండో అంతస్తులో ఉందా?

గుంటూరుఘాటు:
మా ఆంధ్రలో ఏప్రిల్ 4న వాలంటీరు అమ్మాయి గుమ్మంలోనే వెయ్యి ఇచ్చి ఫోటో తీసుకుని వెళ్ళింది. ఒక్క లైను లేదు. నవంబరులో చిన్న వ్యాపారులకి జగనన్న తోడు కింద పదివేల లోను, వడ్డీ ప్రభుత్వానిదే. మీరేమో ఇంకా వేలిముద్రల దగ్గరే ఉన్నారు.

చెరువుకట్ట:
మొదలైంది ప్రచారం.

గుంటూరుఘాటు:
వచ్చింది చెబితే ప్రచారమా? వరద డబ్బుని కరోనా డబ్బని చెప్పిందెవరు మరి?

ఈస్ట్‌హామ్‌వాసి:
మా బావగారికి ఇక్కడ లండన్‌లో చిన్న టిఫిన్ సెంటరు ఉంది. కౌన్సిల్ పదివేల పౌండ్లు ఇచ్చింది, తిరిగి కట్టే పని లేదు. డబ్బు సెంట్రల్ గవర్నమెంటుదే, పంచింది కౌన్సిల్. రేటబుల్ వాల్యూ, అంటే పన్ను కోసం లెక్కగట్టే ఏడాది అద్దె విలువ, 15 వేల లోపు ఉన్న చిన్న షాపులకి. ఆ ఏడాది బిజినెస్ రేట్లు, అంటే షాపు పన్ను, కూడా లేవు.

మేడమీదషాపు:
చాలా సంతోషం. మైసూర్‌పాక్ మీరూ పంపండి.

ఈస్ట్‌హామ్‌వాసి:
ఊరికే చెప్పానండీ. షాపు అద్దె నెలకి రెండు వేలు, ఐదు నెలల్లో ఆ డబ్బు ఊదేసినట్టు పోయింది.

మిర్చిబజ్జి:
అసలు లోను గురించి అడిగితే లండన్ దాకా వెళ్ళారు. వీధి వ్యాపారుల పదివేల లోను, అదే స్వనిధి, నేను తీసుకున్నా, వినండి. వీధి వ్యాపారుల సర్వేకి వచ్చిన రోజు నేను ఊళ్ళో లేను, కాబట్టి గుర్తింపు కార్డు లేదు. సిఫార్సు లేఖ తెచ్చుకోమని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీ అక్క చెప్పింది. 2020 మార్చి 24కి ముందు నుంచే బండి ఉందని చూపించాలన్నారు అప్పట్లో. బజ్జీలకి బిల్లు రాసిస్తామా? గల్లాపెట్టె అడుగున పాత తైబజారు చీటీ (రోడ్డు పక్క అమ్ముకునేందుకు కట్టే రుసుము రసీదు) దొరికింది, నూనె పీల్చుకుని అవతలి వైపు కూడా కనబడుతోంది. దాన్నే ప్లాస్టిక్ కవర్లో పెట్టి పట్టుకెళ్ళా. దరఖాస్తు దగ్గర ఓటీపీ పోయిన సిమ్‌కి వెళ్ళింది. ఆధార్ సెంటర్‌లో నంబరు మార్పించుకోవడానికి రెండు రోజుల బేరం పోయింది. తర్వాత బ్యాంకులో షూరిటీ ఎవరన్నారు. ఈ లోనుకి షూరిటీ అక్కర్లేదని ఫోన్లో చూపిస్తే, 'నాకే చెబుతావా' అని ముఖం మాడ్చుకుని సంతకం పెట్టాడు.

రెండోసందు:
క్యూఆర్ కోడ్‌కి నెలకి వంద క్యాష్‌బ్యాక్ అన్నారుగా, వచ్చిందా?

మిర్చిబజ్జి:
వంద అనేది గరిష్ఠం తల్లీ. ఎన్నిసార్లు స్కాన్ చేయించావన్న దాన్ని బట్టి. ఐదు రూపాయల బజ్జీకి ఫోన్ తీసేవాళ్ళు అప్పట్లో ఎంతమంది?

ఇడ్లీబండి:
అన్నా, మా తమ్ముడి సంగతి ఒక్కరూ చెప్పలేదు.

మిర్చిబజ్జి:
ఇస్తున్నారు. 2025లో గడువు 2030 మార్చి దాకా పొడిగించారు, మొదటి విడత 15 వేలు చేశారు. ముందు ఆధార్‌కి ఏ నంబరు ఉందో చూసుకోమను. బండికి సంబంధించి ఏ చీటీ ఇచ్చినా పారేయొద్దని చెప్పు.

పాతబిల్‌కలెక్టర్:
ఇప్పుడే పైకెళ్ళి చూసుకున్నాను. 'మీకూ' అన్నది మీకు సొంతిల్లు ఉండి ఉంటుందని.

మేడమీదషాపు:
లేదు సార్.