అప్‌డేట్: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ తీసుకుంది

ఆరు నెలల క్రితం ఇక్కడ అడిగాను: తొమ్మిదో తరగతిలో మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ తీసుకుంటానంటోంది, లెక్కల్లో మార్కులు అంతంత మాత్రమే, నెట్టుకురాగలదా అని. తీసుకోనివ్వండి అన్నారు చాలామంది. తీసుకుంది.

మొదటి నెల చాలా కష్టపడింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పదో ఎక్కం రాస్తే 90 దగ్గరే ఆగిపోయింది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా లెక్కించాలో చెప్పే రేంజ్‌లో 1, 10 అని ఇస్తే 10ని కలపదు, 9తోనే ఆపేస్తుంది. ఆ సంగతి పట్టుకోవడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. చివరికి 10 చెరిపేసి 11 అని కొట్టి, "నాన్నా, వచ్చింది!" అని అరిచింది. ఆ ముఖం చూశాక నా టెన్షన్ సగం తగ్గిపోయింది.

తర్వాత బైనరీ సెర్చ్. అక్షర క్రమంలో ఉన్న 1000 పేర్లలో ఒకదాన్ని వెతకడానికి పది పోలికలు చాలట, ప్రతిసారీ మధ్యలో ఉన్న పేరుతో పోల్చి సగం జాబితా పక్కన పెట్టేస్తాం కాబట్టి. ఇదంతా లెక్కలే కదా అంటే, "ఇవి వేరే లెక్కలు నాన్నా" అంది. ఇప్పుడు మామూలు లెక్కలు కూడా తనంతట తానే కూర్చుని చేస్తోంది. అది నేను అస్సలు ఊహించలేదు.

ముందుకెళ్తే ఏంటన్నది కూడా ఆరా తీశాను. సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, సైబర్ సెక్యూరిటీ, రోబోటిక్స్, జన్యువుల డేటా చదివే బయోఇన్ఫర్మాటిక్స్ కూడా ఉన్నాయి. డిగ్రీలో చేరడానికి చాలాచోట్ల ముందు చూసేది లెక్కలనే, అందుకే వాటిని వదలొద్దని చెప్పాను. తనకైతే బయోఇన్ఫర్మాటిక్స్ మీదే మనసుంది. ధైర్యం చెప్పిన అందరికీ థ్యాంక్స్ అండీ.