తూపిలిపాళెం జీపు, బీవీపాళెం బోటు: ఈ ఒక్కరోజు ట్రిప్పు ఉండాల్నా, వద్దా?

కొర్లగుంట కుర్రోడు

పోయిన ఆదివారం నేను, మా ఆవిడ, పిల్లోడు, మా తమ్ముడు ఈ ట్రిప్పుకు పోయొచ్చినాం. మనిషికి 2,600. తెల్లారి నాలుక్కి తిరుపతి లీలామహల్ సర్కిల్ కాడ ఎక్కించుకున్నారు. నాయుడుపేటలో ఇడ్లీ, అక్కణ్ణించి వాకాడు మీదుగా తూపిలిపాళెం. పొద్దున రెండు గంటలు ఇసకలో జీపు, మధ్యాహ్నం తడ పక్క బీవీపాళెం వచ్చి పులికాట్ సరస్సులో బోటు, రాత్రికి ఇల్లు.

చెప్పకూడదు గానీ మొదటి అరగంట నేనే చిన్నపిల్లోణ్ణి అయిపోయినా. గైడు అబ్బాయి ఒక్కో టైరు కాడ గొంతుక్కూర్చుని 35 ఉండే గాలిని 18కి దించినాడు. ఒక పక్క సరుగుడు తోపు, ఒక పక్క అలలు, కనుచూపు మేర మనిషి లేడు. మెరీనాలో బజ్జీల బండ్ల మధ్యన చూసే సముద్రం కాదిది.

నేను అడగొచ్చింది ఆ తర్వాత సంగతి. ఒకచోట అల అంచు నుంచి పైకి, మళ్ళీ కిందికి ఏదో ఈడ్చుకుపోయిన గుర్తు ఉండింది. రెండు పక్కలా చిన్న ట్రాక్టరు పోయినట్టు గీతలు. మా ఆవిడ ఏందని అడిగితే "తాబేలక్కా, రాత్రి వచ్చి గుడ్లు పెట్టి పోయుంటాది" అన్నాడు గైడు. ఫోటో కూడా తీసిచ్చినాడు. మేము ఫోటో చూసుకునేలోపల వెనక జీపు ఆ గుర్తు మీదనే ఎక్కి దిబ్బ పక్కన పోయి నిలబడింది. మా వాడు "గుడ్లు పగల్లేదా నాయనా?" అన్నాడు. "లోతుగా ఉంటాయిలే" అన్నా. ఏమీ తెలీకుండానే అన్నా.

బోటు నాకు బాగానే ఉండింది. జీపే మింగుడుపడలే. మా తమ్ముడేమో "2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీలిస్తే మన తిరుపతి జిల్లాకు సముద్రం కలిసొచ్చింది, దాన్నీ తలుపేసి పెట్టుకుంటామా?" అంటాడు. మీరేమంటారు?

ఫోర్‌బైఫోర్ రాయుడు

మీ తమ్ముడే కరెక్టు. నేను నాలుగేళ్ళుగా ఇసకలో బండి తోల్తా ఉండా. టైర్లో గాలి తగ్గించేది ఎందుకనుకున్నారు? టైరు పరుచుకుని బరువంతా ఒకచోట పడకుండా పోతుంది. పైగా మేము తోలేది తడి ఇసకలో, పోటు వస్తే నీళ్ళు ఎక్కే చోట. అక్కడ ఏ తాబేలూ గుడ్లు పెట్టదు.

తాబేళ్ళను చంపేదెవరో చూడండి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కళేబరాలు కొట్టుకొచ్చినాయి. జీపులు తొక్కి చచ్చినాయా అవి? ట్రాలర్ల వలల్లో ఊపిరాడక చచ్చినాయి. దాని గురించి మాట్లాడకుండా ఆదివారం రెండు జీపుల మీద పడతారు. తలకోనకు, కైలాసకోనకు ఎన్నిసార్లని పోతారు మన ఊరోళ్ళు?

మామిడితోట మావ

మా చిత్తూరోళ్ళకు అప్పుడూ సముద్రం లేదు, ఇప్పుడు తిరుపతీ లేదు. మీరు కొట్టుకోండి, మేము చూస్తా ఉంటాం.

గూడబాతు

సూళ్ళూరుపేట నుంచి రాస్తున్నాను. రాయుడు గారు చెప్పింది సగం నిజం. తడి ఇసకలో గూళ్ళు ఉండవు, ఒప్పుకుంటాను. కానీ జీపు తడి ఇసకలోకి ఆకాశం నుంచి దిగదు కదా. తోపులో నుంచి పొడి ఇసక దాటుకుని రావాలి, మళ్ళీ దాటుకుని పోవాలి. గూళ్ళు ఉండేది సరిగ్గా ఆ పొడి ఇసకలోనే.

కుర్రోడు గారి అబ్బాయి అడిగినదానికి జవాబు: ఆలివ్ రిడ్లే తాబేలు ఇసకలో అడుగున్నర లోతు గొయ్యి తీసి నూరు, నూటిరవై గుడ్లు పెడుతుంది. మన తీరంలో జనవరి నుంచి మార్చి దాకా. ఒక్క చక్రం ఎక్కినంత మాత్రాన గుడ్లు పగిలి తీరతాయని అనను. ఇసక గట్టిపడితే పిల్లలు పైకి తవ్వుకుని రావడం కష్టం. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు బయటికొస్తాయి, అరచేతిలో మూడు పడతాయి. వాటికి ఎదురయ్యేది జీపు గాడి. మన కాలికి అది జానెడు పల్లం, వాటికి కాలువ. గాడిలో పడ్డ పిల్ల సముద్రం వైపు ఎక్కలేక గాడి పొడుగునా నడుస్తూనే ఉంటుంది. తెల్లారితే కాకులు, పీతలు.

చట్టం సంగతికొస్తే ఆలివ్ రిడ్లే 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి. తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు, ఇసక దిబ్బలు సీఆర్‌జెడ్‌లో, అంటే తీరంలో ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో చెప్పే నిబంధనల్లో, అన్నిటికంటే గట్టి తరగతిలో ఉన్నాయి.

ఇంకొకటి. బోటు బాగానే ఉందన్నారు. బోటు ఫ్లెమింగోల గుంపుకు ఎంత దగ్గరగా పోయింది?

కొర్లగుంట కుర్రోడు

దగ్గరికే పోయినాడు సార్. "ఇప్పుడు లేస్తాయి చూడండి, వీడియో ఆన్ చేసుకోండి" అని ఇంజను రైజ్ చేసినాడు. గుంపు మొత్తం లేచింది, రెక్కల కింద ఎరుపు కనబడింది. అందరం చప్పట్లు కొట్టినాం.

గూడబాతు

ఆ చప్పట్లే నా బాధ. ఆ పక్షికి ఉన్నచోటి నుంచి అట్లే ఎగరడం చేతకాదు. నీళ్ళ మీద పది, పదిహేను అంగలు పరిగెత్తి లేవాలి. మోకాటి లోతు నీళ్ళలో తల కిందులుగా పెట్టి బురద వడగట్టుకుని తినే పక్షి. రోజుకు నాలుగు బోట్లు నాలుగుసార్లు లేపితే తిన్నదంతా దానికే సరి. పులికాట్ 1976 నుంచి అభయారణ్యం. పక్షులను అదిలించడం అక్కడ ఆట కాదు, నేరం. జనవరిలో పక్షుల పండుగ చేసి, ఫిబ్రవరిలో వాటిని తరుముతున్నాం.

ఫోర్‌బైఫోర్ రాయుడు

అయితే జనవరి నుంచి మే దాకా తాబేళ్ళు, వాటి పిల్లలు. అక్టోబరు నుంచి మార్చి దాకా పక్షులు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు వాయుగుండాలు. మిగిలింది జూన్ నుంచి సెప్టెంబరు, ఆ ఎండకు, ఉక్కకు ఎవడొస్తాడు? సంవత్సరం పొడుగునా తాళం వేసి బీగంచెవి మీరే పెట్టుకోండి సార్.

వాకాడు తీరం

మాది పట్టపుపాళెం, చేపల వేట చేసుకునే ఊరు. పేరు చెప్పను. అందరూ తాబేలు గురించి, పక్షి గురించి మాట్లాడతా ఉండారు. ఆ ఒడ్డున మనుషులు కూడా ఉండారు సామీ.

ఒడ్డు మాకు ఖాళీ జాగా కాదు. మా వల ఆరేది అక్కడే, చేప ఎండేది అక్కడే. మీ జీపు పోయొచ్చినాక మా అమ్మ ఎండేసిన నెత్తళ్ళ మీద ఇసక పడి ఉండింది. ఇసక పడిన నెత్తళ్ళు ఎవరు కొంటారు? నోట్లో కరకరమంటే మొత్తం బుట్ట వెనక్కి ఇచ్చేస్తారు. దురాయి పెట్టి, అంటే ఊరి కట్టుబాటు చేసి, మా ఊరి పెద్దలు పెద్దకాపులు ఊరి ముందర బండి తోలొద్దని చెప్పినారు. రెండు వారాలు ఆగినారు, మళ్ళీ మొదలు.

డబ్బు లెక్క కూడా చెప్తా. జీపు తిరుపతిది, గైడు తిరుపతి, బిరియానీ నాయుడుపేటది. మా ఊర్లో ఆ రోజు వాళ్ళు కొన్నది ఎనిమిది టీలు, రెండు నీళ్ళ సీసాలు. మేము ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట లేకుండా కూర్చుంటాం. ఆ రోజుల్లో ఎవురన్నా వచ్చి మీ ఊరు చూపించండి, అన్నం పెట్టండి అంటే వద్దంటామా?

గూడబాతు సార్, మా నాయన కాలంలో గుడ్లు తవ్వుకొచ్చేవాళ్ళు, దాచను. ఇప్పుడు లేదు. ఇప్పుడు గుడ్లు తవ్వేది కుక్కలు. మా ఊర్లో ముందు నాలుగు కుక్కలు ఉండె. మీ ట్రిప్పులు తోపు కింద బిరియానీ ఆకులు, ఎముకలు పారేసి పోతా ఉంటే ఇప్పుడు పద్దెనిమిది. ఆదివారం బొక్కలు తింటాయి, సోమవారం నుంచి ఆకలేసి ఇసక తవ్వుతాయి. మీరు టైరు గురించి ఎంతసేపైనా కొట్లాడుకోండి, నేను చూసిన గూళ్ళలో ఎక్కువ పోయింది కుక్కల నోటికి.

గూడబాతు

అన్నా, ఇది నాకు తట్టలేదు. నేను బైనాక్యులర్ పట్టుకుని నీళ్ళ వైపే చూస్తూ వచ్చాను. మీరు ఇంకా రాయండి.

ఘాట్‌రోడ్డు డ్రైవరు

తిరుమలకు ఇరవై ఏళ్ళుగా బండి తోల్తా ఉండా. ఒక్క ముక్క అడుగుతా. ఆ జీపు బోర్డు పసుపా, తెలుపా? తెల్లబోర్డు బండిని బాడుగకు తిప్పితే అందులో కూర్చున్నోడికి ఏమన్నా అయితే ఇన్సూరెన్సు వాడు చేతులెత్తేస్తాడు. మేము పన్ను కట్టి, ఎఫ్‌సీ చేయించి, పసుపు బోర్డు పెట్టుకుని తిరగతా ఉంటే వీళ్ళు సొంత బండి అని చెప్పి టికెట్లు అమ్ముకుంటా ఉండారు.

ఇసక సంగతి నాకూ తెలుసు లెండి. ఒక మే నెలలో పులికాట్‌లో ఉండే వేనాడు దర్గాకు పోతా, సరస్సు ఎండిపోయింది గదా అడ్డంగా పోదామని దింపినా. పైన గట్టిగా, తెల్లగా, గచ్చు మాదిరి ఉండింది. రెండొందల గజాలు పోయినాక పెంకు పగిలినట్టు పగిలి ఇరుసు దాకా దిగబడింది. కింద నల్ల బురద, కుళ్ళిన గుడ్డు కంపు. ట్రాక్టరోడు మూడు వేలు తీసుకున్నాడు. నేను ఆ సాయంత్రమే కింద మంచినీళ్ళు కొట్టించక వారం ఊరుకున్నా. ఉప్పు వదల్తుందా? ఎనిమిది నెలలకు సైలెన్సరు ఊడి చేతికొచ్చింది.

పద్మావతీపురం అక్క

కుర్రోడు తమ్ముడూ, మీ పిల్లోడికి లైఫ్ జాకెట్ వేసినారా? వాడి సైజుదా?

కొర్లగుంట కుర్రోడు

వేసినారక్కా. పెద్దోళ్ళది. భుజాల మీద నిలవక చెవుల దాకా వచ్చింది. మా ఆవిడ చున్నీతో కట్టింది.

పద్మావతీపురం అక్క

అట్లాంటిది నీళ్ళలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, పిల్లోడు కిందికి జారిపోతాడు. కాళ్ళ మధ్య నుంచి పట్టీ ఉండేది కావాల. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు కాడ బోటు మునిగి పదుల మంది పోయినప్పుడు రాష్ట్రమంతా బోట్లు ఆపి, కంట్రోల్ రూములని, తనిఖీలని ఎంత హడావుడి జరిగింది! ఏళ్ళు గడిచేసరికి చున్నీకి వచ్చినాం.

పులికాట్‌లో నడుము లోతే, ఏమవుతుందని అంటారు. నడుము లోతు నీళ్ళ కింద మోకాటి లోతు బురద ఉంటుంది. కాలు పట్టుకుంటే పెద్దోళ్ళే లాక్కోలేరు. ఇరకం దీవి జనం రోజూ అదే బీవీపాళెం నుంచి బోట్లోనే పోయొస్తారు, నిజమే. వాళ్ళకు ఎక్కడ లోతో, గాలి ఎప్పుడు తిరుగుతుందో తెలుసు. నేను పోయినప్పుడు బోటాయన ఇంజను పైకెత్తి, వెదురు గడతో పొడుస్తా, "ఇక్కడ పోయినేడు పడవ పోయేది, సముద్రం నీళ్ళొచ్చే రాయదొరువు మొగ పూడిపోయినాక బురదే" అని చెప్తా పోయినాడు. నాకు గైడు అంటే ఆయన. తిరుపతి నుంచి మైకు పట్టుకుని వచ్చి ఆంగ్లేయులు ఎప్పుడు వచ్చినారో తప్పుగా చెప్పేవాడు కాదు.

మామిడితోట మావ

ఆంగ్లేయుల మాట వచ్చింది గాబట్టి. 1639లో మద్రాసు పుట్టక ముందే, 1626లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు వాకాడు పక్క దుగరాజపట్నంలో దిగినారు. వాళ్ళు ఆర్మగాన్ అని రాసుకున్నది దాన్నే. మీ జీపులు తొక్కే ఇసకకు ఆ మాత్రం చరిత్ర ఉంది. నేను మళ్ళీ చూసే పనిలోకి పోతా.

ఫోర్‌బైఫోర్ రాయుడు

కుక్కల సంగతి ఒప్పుకుంటా. తిన్నదంతా మూట కట్టి వెనక్కి తేవాల్సిందే, మా గ్రూపులో ఇవాళే పెడతా. తెల్లబోర్డు కూడా తప్పే. జీపు మాత్రం తప్పని ఒప్పుకోను. ఎక్కేదానికి, దిగేదానికి తోపులో ఒక్కటే దారి గుర్తు పెట్టి, ఊరోళ్ళ వలలు లేని పక్క, తెల్లారినాక, రోజుకు నాలుగు బండ్లని లెక్క పెట్టండి. అంతకంటే ఏం కావాల?

గూడబాతు

ఆ ఒక్క దారి జనవరిలో గూడు లేని చోట ఉందని ఎవరు చూస్తారు? రోజూ తెల్లారి నడిచి చూసే మనిషి కావాలి. ఆ మనిషికి జీతం మీ 2,600లో నుంచి ఇస్తారా?

ఫోర్‌బైఫోర్ రాయుడు

ఇస్తే మీరు ఒప్పుకుంటారా?

గూడబాతు

జూన్ నుంచి డిసెంబరు దాకా ఆలోచిస్తాను. గుడ్లు పెట్టే నెలల్లో ఒప్పుకోను.

వాకాడు తీరం

నడిచి చూసే మనిషి కోసం తిరుపతిలో వెతకబాకండి. మా ఊర్లో ముసలోళ్ళు తెల్లారి మూడుకే లేచి ఒడ్డున కూర్చుంటారు.

కొర్లగుంట కుర్రోడు

నిన్న ట్రిప్పు వాళ్ళకు ఫోన్ చేసినా. ఈ మూడు, నాలుగు నెలలు జీపు తీసేసి, తోపు దాకా బండిలో తీసుకుపోయి అక్కణ్ణించి నడిపించండి, డబ్బు అంతే తీసుకోండి అన్నా. ఆయన నవ్వి "నడిచేదానికైతే అలిపిరి ఉంది గదా సార్" అన్నాడు. పిల్లల జాకెట్ల గురించి అడిగితే చూస్తామన్నాడు. బోర్డు రంగు అడిగేసరికి లైను కట్టయింది.

మా తమ్ముడు వచ్చే నెల ఆఫీసోళ్ళతో మళ్ళీ బుక్ చేసుకున్నాడు. ఇంట్లో మాటల్లేవు.

వాకాడు అన్నా, మార్చి మొదటి ఆదివారం మేము నలుగురం మా కార్లో వస్తాం. ఊరి బయటే ఆపేస్తాం. ఎవరన్నా పెద్దాయన తెల్లారి మాతో ఒడ్డున నడుస్తాడా? ఎంతివ్వాల్నో మీరే చెప్పండి. మా వాడు ఆ గూడు ఉండాదా, పోయిందా చూడాలంటా ఉండాడు.

వాకాడు తీరం

రండి. మా నాయనే వస్తాడు, డబ్బు సంగతి ఆయన్నే అడగండి, ఎక్కువ అడిగితే నాకు చెప్పండి. అన్నం మా ఇంట్లో. నెత్తళ్ళ పులుసు తింటారా, పిల్లోడికి గుడ్డు చేయమంటారా? కోడిగుడ్డు.