చీర చీటీ మీద ‘యాహనమి’ అంటే ఎంత?

ప్రశ్న (నల్లగొండ):
మాకు ఇక్కడ ముప్పై ఏళ్లు బట్టల దుకాణం ఉండేది. కొన్న ధర ఎవరికీ తెలియకుండా నాన్న ప్రతి చీర చీటీ మీద అక్షరాల్లో రాసుకునేవారు. ఆ లెక్క మాకు చెప్పకుండానే వెళ్లిపోయారు. మొన్న పెట్టె సర్దుతుంటే పట్టు అంచు గద్వాల చీర మడతలో ఒక చీటీ దొరికింది. నీలం సిరాతో ‘యాహనమి’ అని ఉంది. ‘మి’ తోక ఎప్పటిలాగే చీటీ అంచు దాకా సాగింది. అట్టపెట్టెలో ఇంకో రెండు: ‘దదనమి’, ‘గిరిమిమి’. ఇది అక్షరాలతో అంకెలు చెప్పే పాత కటపయాది లెక్కేనా? ఎలాగైనా తెలుసుకోవాలని ఉంది.

జవాబు (మహబూబ్‌నగర్, లెక్కల ఉపాధ్యాయుడు):
వేసి చూశాను. కటపయాదిలో య 1, హ 8, న 0, మ 5. కుడి నుంచి ఎడమకు చదవాలి కనుక 5081. కర్ణాటక సంగీతంలో మేళకర్త రాగాల పేర్లలో దాగిన సంఖ్యలూ ఇలాంటివే: మాయామాళవగౌళలో మ 5, య 1, తిరగేస్తే 15వ రాగం. కానీ మీ ‘దదనమి’ 5088, ‘గిరిమిమి’ 5523 అవుతున్నాయి. చీరల ధరలు ఇలా ఉండవు. పైగా కటపయాదికి గుణింతాలతో పనిలేదు. మీ నాన్నగారిది వేరే లెక్క.

జవాబు (దేవరకొండ):
మా తాతగారు కూడా ఇలాగే రాసేవారు. ఒక్క అక్షరమూ మళ్లీ రాని పదక్షరాల మాట అనుకుని, 1 నుంచి 9 దాకా, చివరన సున్న వేసుకునేవారు. పది అక్షరాలను పది అంకెలతో 36,28,800 రకాలుగా జతచేయవచ్చు. అన్నీ వెతకనక్కరలేదు, ఏ అక్షరం ఎక్కువగా వస్తోందో చూస్తే చాలు. 9వ శతాబ్దంలోనే బాగ్దాదులో అల్‌కిందీ అనే పండితుడు రాసిపెట్టిన పద్ధతి ఇది. మూడు చీటీలూ ‘మి’తో ముగిశాయి, కాబట్టి అది సున్న. దాని ముందు రెండుసార్లు ‘న’ వచ్చింది, యాభై అయి ఉంటుంది. ఇక ‘గిరి’ పక్కపక్కనే ఉంది. మీ గల్లాపెట్టె మీద ఏ దేవుడి పటం ఉండేదండీ?

ప్రశ్న అడిగినవారు:
యాదగిరి నరసింహస్వామి! వేళ్ల మీద లెక్కపెట్టాను. సరిగ్గా పది అక్షరాలు. ‘న’ ఐదోది, ‘మి’ పదోది. దదనమి 2250, గిరిమిమి 3400, యాహనమి 1850. గద్వాల చీర అమ్మది. తొమ్మిది వందలకే పడిందని నాన్న ఆమెకు చెప్పారట. చీటీ అమ్మ చేతికిచ్చి ఒక్కో అక్షరం చదివి వినిపించాను. దాన్ని మళ్లీ అదే మడతలో పెట్టుకుంది.