3-ఎంఎంసీనా, 4-ఎంఎంసీనా? జీసీ-ఎంఎస్ ఒక్కదానితో తేల్చడం ఎలా?

ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఇక్కడే ఆగిపోయింది. మెఫెడ్రోన్ అనే మత్తుమందు, అంటే 4-ఎంఎంసీ, మన ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి 2015లోనే వచ్చింది కదా. దానికీ 3-ఎంఎంసీకీ తేడా అల్లా బెంజీన్ రింగు మీద మిథైల్ గ్రూప్ ఎక్కడుందన్నదే, అణుభారం రెండింటికీ 177. జీసీ-ఎంఎస్‌లో (పదార్థాలను విడదీసి, వాటి అణువుల ముక్కల బరువు చూపే పరికరం) పెడితే రెండింటికీ 58 దగ్గరే పెద్ద పీక్, 91, 119 దగ్గర చిన్నవి, లైబ్రరీ మ్యాచ్ (ముందే దాచిన రికార్డులతో పోలిక) ఏమో ఒకసారి ఒకటి చూపిస్తే ఇంకోసారి ఇంకోటి చూపిస్తోంది.

క్యూటాఫ్ (కచ్చితమైన మాస్ కొలిచే పరికరం) ఉంటే తేలిపోతుందని మా ఫ్రెండ్ అంటాడు గానీ, ఫార్ములానే ఒకటైనప్పుడు కచ్చితమైన మాస్ తెలిసి ఏం లాభం? ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం చూపే పరికరం) మా దగ్గర లేదు. ఉన్నది, పరారుణ కాంతితో పరీక్షించే ఒక పాత ఎఫ్‌టీఐఆర్. శుభ్రమైన పౌడర్ అయితే దాంతో తేడా తెలుస్తుంది, కానీ కెఫీన్ లాంటివి కలిసిన శాంపిల్‌లో ఆ పీకులను నమ్మొచ్చా? లేక ముందు డెరివటైజేషన్ (రసాయన చర్యతో అణువును కాస్త మార్చడం) చేసి, రెండు స్టాండర్డ్‌లనూ పక్కపక్కన నడిపి, రిటెన్షన్ టైమ్ (కాలమ్ అనే గొట్టం దాటడానికి పట్టే సమయం) చూడటమే మేలా? ఏ కాలమ్ వాడారు, టెంపరేచర్ ఎంత నెమ్మదిగా పెంచారు?

మ్యాచ్ స్కోరు 90 దాటితే ఆ పేరే రాసెయ్ అంటున్నారు మా గైడ్, నాకైతే మనసొప్పడం లేదు.