రజతోత్సవ వనభోజనాలు: చెట్టు విషయం అర్జెంట్, అందరూ చూడండి

వేదిక చూసే అన్న, సోమవారం రాత్రి
అందరికీ నమస్కారం. వచ్చే శనివారం దాటితే ఆ పైవారమే వనభోజనాలు కాబట్టి పనుల లిస్టు మళ్లీ పెడుతున్నా: షామియానాలు, ఎవరింట్లో ఎంత పులిహోర, మైకు, పిల్లల ఆటలు, మన సంఘానికి పాతికేళ్లు నిండిన గుర్తుగా పార్కులో నాటే రజతోత్సవం చెట్టు. ముందు చెట్టు సంగతి తేలాలి. పార్కు ఆఫీసు నుంచి మధ్యాహ్నం మెయిల్ వచ్చింది, మనం అనుకున్న బ్లూ స్ప్రూస్ (వెండి కలిసిన నీలిరంగు సూదాకుల చెట్టు) అయితే కొత్తగా నాటనివ్వరట. వేరే జాతి చెప్పండి, శుక్రవారంలోపు చెప్పకపోతే ఈ ఏడాదికి లేనట్టే అన్నారు.

ట్రెజరర్
నర్సరీకి 600 డాలర్ల అడ్వాన్స్ ఇచ్చేశాం అన్నా. పన్నెండు అడుగుల చెట్టు, డెలివరీ, నాటడం అంతా కలిపి 1,800 అన్నారు. చెట్టు పేరు మీద వచ్చిన చందా మొత్తం 1,100. మిగతా 700 ఎక్కడినుంచి తేవాలో తేలకముందే ఇదొకటి.

మాజీ అధ్యక్షులు
పాతికేళ్ల పండగకి వెండిరంగు చెట్టు పెడతామని దాతలకి మాటిచ్చాం, కార్డుల మీద కూడా వేశాం. వెళ్లి కూర్చుని మాట్లాడితే వినరా? వైట్‌హౌస్ దగ్గర 1978లో నాటిన నేషనల్ క్రిస్మస్ ట్రీ కొలరాడో బ్లూ స్ప్రూసే కదా, 2011లో గాలికి పడిపోయేదాకా నిక్షేపంగా ఉంది. అక్కడ బతికింది మిషిగన్‌లో బతకదా?

తోటపని అక్క
బతుకుతుంది సార్, కానీ మనం పెట్టేది అందం కోసం కదా, అదే పోతుంది. అది రాకీ పర్వతాల చెట్టు, పొడిగాలిలో పుట్టింది. ఇక్కడి తేమకి రైజోస్ఫేరా అనే బూజు ఆకుల్ని పట్టేస్తుంది, సైటోస్పోరా అనే ఇంకో తెగులు కొమ్మల్ని ఎండబెడుతుంది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (తోటలకీ పొలాలకీ సలహాలిచ్చే విభాగం) వాళ్లు కూడా ఎప్పటినుంచో ఈ మాటే చెబుతున్నారు. మా వీధి చివర ఉన్న చెట్టు కొమ్మ ఒకటి ఇవాళ భూతద్దం పెట్టి చూశాను. ఆరోగ్యంగా ఉన్న ఆకు మీద వరసగా తెల్లటి చుక్కలుంటాయి, దీని మీద అదే వరసలో నల్లటి చుక్కలు. ఈ ఏడాది చివుళ్లు బాగానే ఉన్నాయి, వాటి వెనకాల ఉన్న పాత ఆకులన్నీ ఊదా కలిసిన గోధుమరంగుకి తిరిగాయి, చెయ్యి పెడితే రాలిపోతున్నాయి. కింది కొమ్మలు ముందు పోతాయి. ఇలాంటి చెట్టుకి నేలదాకా పరుచుకున్న కొమ్మలే కదా అందం! మందు కొట్టాలంటే ప్రతి వసంతంలో ఆకులు సగం పెరిగినప్పుడు సరిగ్గా చూసి కొట్టాలి. ఎవరు కొడతారు?

మాజీ అధ్యక్షులు
ఇదంతా డబ్బు కట్టకముందు చెప్పాల్సింది కదమ్మా.

తోటపని అక్క
జూలై మీటింగులో చెప్పాను. స్టేజీ డెకరేషన్ గురించి మాట్లాడుతున్నాం, తర్వాత చూద్దాం అన్నారు. మినిట్స్‌లో ఉంటుంది, చూసుకోండి. ఎప్పుడూ ఇంతే, వంటకీ మొక్కలకీ మేం కావాలి, నిర్ణయం మాత్రం మీరే తీసుకుంటారు.

మాజీ అధ్యక్షులు
నేనెప్పుడు అలా అన్నాను? ఈ సంఘానికి ఇరవై ఏళ్లు చాకిరీ చేసిన మనిషితో మాట్లాడే పద్ధతేనా ఇది?

ట్రెజరర్
ఇద్దరికీ దండం పెడతాను, ఇక్కడ వద్దు. పిల్లలు కూడా చదువుతారు. సార్, అక్కకి ఒకసారి ఫోన్ చెయ్యండి.

తోటపని అక్క, మంగళవారం ఉదయం
సార్ ఫోన్ చేశారు, మాట్లాడుకున్నాం. వెండిరంగు మాత్రం వదలొద్దన్నారు, నాదీ అదే మాట. స్ప్రూస్ బదులు కాంకలర్ ఫర్ అనే ఇంకో సూదాకుల చెట్టు పెడదాం. ఆకు రెండంగుళాల పైనే ఉంటుంది, చదునుగా మెత్తగా ఉంటుంది, స్ప్రూస్‌లా గుచ్చుకోదు, నలిపితే నారింజ తొక్క వాసన. రెండువైపులా వెండి కలిసిన నీలపు ఆకుపచ్చ. ఈ రంగు ఆకు మీది మైనం పూత వల్ల వస్తుంది, బొటనవేలితో రుద్దితే మామూలు పచ్చరంగు బయటపడుతుంది. అందుకే దానిమీద నూనె మందులు కొట్టకూడదు, ఫొటోల కోసం ఊరికే నిమరకూడదు కూడా. ఒక్కటే చిక్కు, నీళ్లు నిలిచే బంకమట్టి అంటే దీనికి పడదు. పార్కులో కప్పున్న షెల్టర్ పక్కన మనం చూసుకున్న పల్లం మీద నాకు అనుమానమే.

యూత్ కమిటీ, మంగళవారం రాత్రి
అక్కా, పార్కు వాళ్లనడిగి రెండుచోట్ల అడుగు లోతు గుంట తీశాం. ఒకసారి నీళ్లు పోసి ఇంకనిచ్చి మళ్లీ నింపాం. షెల్టర్ దగ్గర గంటకి అరంగుళం కూడా దిగలేదు, మట్టి చేతికి జిగటగా అంటుకుంటోంది. పై గట్టు మీద, నల్లపచ్చటి హెమ్లాక్ చెట్ల వరస ముందు, గంటలో రెండంగుళాలు దిగింది.

తోటపని అక్క
గట్టే ఖాయం చెయ్యండి! వెనక ముదురుపచ్చ ఉంటేనే వెండిరంగు తేలుతుంది, సాయంత్రం పడమటి ఎండ నేరుగా పడుతుంది, పార్కులోకి మలుపు తిరగగానే కనబడుతుంది. చుట్టూ ఇరవై అడుగులు ఖాళీగా వదలాలి, పూలమడి, బెంచి, శిలాఫలకం ఏవీ దగ్గరికి రాకూడదు. దాతల పేర్లు షెల్టర్ గోడకి పెట్టుకుందాం. ఒక్క చెట్టే, జంటగా వద్దు, చూపు చీలిపోతుంది.

ట్రెజరర్, బుధవారం
నర్సరీవాళ్లు అడ్వాన్స్ వెనక్కివ్వరట కానీ ఫర్‌కి సర్దుతామన్నారు. ఏడడుగులది 520, డెలివరీ 150, అంటే ఇంకో 70 కడితే చాలు. నాటడం మనమే చేసుకోవాలి. పెద్దది అడిగాను, చిన్నదే తొందరగా వేరు పట్టుకుంటుందని అక్క ఆపేసింది.

వేదిక చూసే అన్న, గురువారం
పార్కు ఒప్పుకుంది, ఫర్‌కీ గట్టుకీ రెండింటికీ. తవ్వేముందు చెప్పాల్సిన 811 నంబరుకి ఫోన్ చేశాను, మూడు పనిదినాల ముందు చెప్పాలి, గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టాకే పార పట్టుకుందాం. షామియానాలు బుక్ చెయ్యలేదు, వానొస్తే షెల్టర్ కిందే సర్దుకుందాం. పులిహోర ఎవరికి కుదిరినంత వాళ్లు తెండి.

తోటపని అక్క
గుంట, వేళ్ల చుట్టూ ఉండే మట్టిముద్దకి రెండుమూడింతల వెడల్పు, లోతు మాత్రం ముద్దంతే. కాండం అడుగున వెడల్పై వేళ్లుగా విడిపోయే చోటు నేలకి కొంచెం పైనే ఉండాలి, పూడితే చెట్టు మెల్లగా చస్తుంది. గుంటలో దించాక పైభాగం తీగబుట్ట, గోనెపట్టా, తాళ్లు కోసెయ్యాలి, కటింగ్ ప్లయర్ ఎవరైనా తేవాలి. ముద్ద బరువు రెండొందల పౌండ్లు దాటుతుంది, నడుంనొప్పి ఉన్నవాళ్లు దూరంగా ఉండండి. మల్చ్ (చెట్టు చుట్టూ నేల మీద పరిచే చెక్కపొట్టు) మూడంగుళాలు చాలు, కాండానికి తగలనివ్వొద్దు. అసలు పని ఆ తర్వాతే. నేల గడ్డకట్టేదాకా వారంవారం నీళ్లు పట్టాలి, లేకపోతే చలిగాలికి ఆకులు ఎండిపోతాయి.

మాజీ అధ్యక్షులు
నీళ్ల సంగతి నాకొదిలెయ్యండి, పార్కుకి దగ్గర్లో ఉన్నది నేనే. ఒక్కో వారం ఎన్ని బకెట్లు పొయ్యాలో చెప్పు తల్లీ.

తోటపని అక్క
ఈ సైజుకి వానలేని వారం నాలుగు బకెట్లు సార్, మట్టిముద్ద మీద నెమ్మదిగా పొయ్యాలి. మొదటి వారం నేనూ వస్తాను.

యూత్ కమిటీ
పారలు ఆరున్నాయి, ట్రక్కు మా ఇంట్లో ఉంది. మైకు ఎవరు తెస్తున్నారు?